పలుచన కాని నెత్తురు

చాలాకాలంగా రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన సంగతి ఇది. వృత్తిరీత్యా నేను ఔషధ నిపుణుణ్ణి. హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో (పేరు ఇక్కడ అప్రస్తుతం) వారానికి రెండు ఉదయాలు ఒక చిన్నగదిలో కూర్చుంటాను. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారి బాగోగులు చూడటమే ఆ గది పని. ఇంగ్లీషువాళ్ళు దాన్ని యాంటీకోయాగ్యులేషన్ క్లినిక్ అంటారు. తెలుగులో ఏమనాలన్నది మాకు ఎదురైన మొదటి చిక్కు. నిఘంటువులను ఆశ్రయిస్తే 'ప్రతిస్కందక చికిత్సాలయం' అని తయారవుతుంది. తలుపు మీద ఆ ఫలకం తగిలిస్తే లోపలికి అడుగుపెట్టే సాహసం ఎవరికుంటుంది? వచ్చేవారు మాత్రం మా చర్చలతో నిమిత్తం లేకుండా తమకు నచ్చిన పేరు పెట్టేసుకున్నారు: 'పల్చటి నెత్తురు గోలీల రూము'.

వినడానికి ముచ్చటగానే ఉంది గానీ, అపాయమంతా ఆ పేరులోనే దాగి ఉంది. ఈ మందులు నెత్తురును పలుచన చెయ్యవు. నెత్తురు గడ్డకట్టడానికి అవసరమైన కారకాలలో రెండు, ఏడు, తొమ్మిది, పది అనే అంకెలతో పిలిచే నాలుగింటిని కాలేయం 'కె' విటమిన్ సాయంతో సిద్ధం చేస్తుంది. వార్ఫరిన్, మన దేశంలో విరివిగా వాడే ఎసినోకుమరాల్ ఆ విటమిన్ మళ్ళీ మళ్ళీ వినియోగంలోకి రాకుండా అడ్డుపడతాయి. గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, అంతే. చిక్కదనం ఉన్నట్టే ఉంటుంది. కానీ మన జనవ్యవహారంలో నెత్తురు పలచబడటమంటే నీరసం, పాలిపోవటం, రక్తహీనత. అసలే రక్తం తక్కువ అనుకునే మనిషి దాన్ని ఇంకా పల్చబరిచే గోలీని ఎందుకు మింగుతాడు? మానేస్తాడు. అతని తర్కంలో లోపం లేదు, మనం ఇచ్చిన మాటలోనే ఉంది.

ఈ గది పుట్టడానికి కారణమైన మనిషి అలా మానేసినవాడే. కొత్తవాడలో జంపఖానాలు నేసే కార్మికుడు. చిన్ననాట వచ్చిన రుమాటిక్ జ్వరం గుండెలోని కవాటాన్ని పాడుచేసింది. నడివయసులో వేరే ఊళ్ళో శస్త్రచికిత్స చేసి కృత్రిమ కవాటం అమర్చి, జీవితాంతం వాడమని గోలీలిచ్చి పంపారు. ఒంట్లో సత్తువ లేదని నెలన్నరపాటు వాటిని ఆపేశాడు. ఆయాసంతో మా ఆసుపత్రికి తెచ్చిన రోజున అతని భార్య చెప్పిన మాట నాకిప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది: "రాత్రిపూట పక్కల పండుకుంటే గడియారం లెక్క టిక్కు టిక్కు ఇనొచ్చేది సారూ. నాలుగు దినాల సంది ఇనొస్తలేదు." కవాటం మీద గడ్డ చేరి రెక్కలు సరిగా కదలడం లేదని పరీక్షలో తేలింది. గడ్డను కరిగించే మందుతో అతను బతికాడు. ఆ స్థితిలో వచ్చినవారందరూ బతకరు.

కోలుకున్నాక అతన్ని అడిగాను, ఎందుకు మానేశావన్నా అని. "గోలీలు నెత్తురును నీళ్ళు జేస్తయన్నరు సారూ. నీళ్ళయిన నెత్తురుతోని మగ్గం మీద ఎట్ల గూసుందు?" అన్నాడు. అతనికి ఏ మందు వాడాలో, ఎంత వాడాలో తెలుసు. దేనికి వాడుతున్నాడో మాత్రం ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. చెప్పే తీరిక వైద్యులకు లేదు, చెప్పే చోటు మందుల కౌంటరు కాదు. ఆ రెంటికీ నడుమ ఒక కుర్చీ వెయ్యాలని అప్పుడే అనిపించింది.

విదేశాల్లో ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో 1970లలోనే ఔషధ నిపుణులు ఇటువంటి రోగులను చూసుకోవడం మొదలైంది. మన దేశంలో ఆరేళ్ళ ఫార్మ్ డి చదువుకు 2008లో నిబంధనలు వచ్చాయి. వరంగల్లు కళాశాలలు తొలి ఏళ్ళలోనే ఆ చదువును అందిపుచ్చుకున్నాయి. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనల్లో రోగికి సలహా చెప్పడం మా విధుల్లో ఒకటైంది. అయినా మందు రాసే హక్కు మాకు లేదు, ఉండాలని నేను వాదించడమూ లేదు. అందుచేత గుండెవైద్యుల వద్దకు వెళ్ళి, వారు గీసిన గీత లోపల పనిచేస్తానని అడిగాను. "రాసేది మేము, మార్చేది మీరా?" అన్నారాయన మొదట. న్యాయమైన ప్రశ్నే. చివరకు ఒక రాతపూర్వక నియమావళికి ఒప్పుకున్నారు. మూడు నెలలపాటు నా ప్రతి సూచనా ఆయన సంతకం తర్వాతే అమలయింది. ఆ తర్వాతే చిన్న మార్పులు నా చేతికి వచ్చాయి.

ఆ గీత ఇలా ఉంటుంది. ఐ.ఎన్.ఆర్. అనే అంకె మాకు దారి చూపుతుంది. ఒక్కో ప్రయోగశాల ఒక్కో రసాయనంతో పరీక్ష చేస్తే ఫలితాలు పొసగవు గనుక, వాటిని ఒకే కొలమానంలోకి తెచ్చే ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1980లలో స్వీకరించింది. సాధారణంగా ఒకటి దగ్గర ఉండే ఈ అంకెను, కాలిసిరలో గడ్డ ఉన్నవారికి 2కూ 3కూ మధ్య, మిట్రల్ స్థానంలో కృత్రిమ కవాటం ఉన్నవారికి 2.5కూ 3.5కూ మధ్య నిలపాలి. కాస్త అటూ ఇటూ అయితే వారం మొత్తం మోతాదులో 5 నుంచి 20 శాతం వరకు సర్దుతాను. బాగా హద్దు దాటినా, ఏ కొంచెం రక్తస్రావం కనిపించినా నాకు నిర్ణయాధికారం లేదు. మనిషిని వెంటబెట్టుకుని వైద్యుని గదికి నడవడమే నా పని.

చెప్పినంత తేలిక కాదిది. వార్ఫరిన్ మోతాదు ఇవాళ మారిస్తే ఫలితం రేపు కనిపించదు. నెత్తురులో ఉన్న రెండో కారకం సగానికి తరగడానికే దాదాపు 60 గంటలు పడుతుంది. తొందరపడి రోజూ మార్చేవాడు ఉయ్యాల ఊపినట్టే. ఇకపోతే నెత్తురు తీసే గొట్టం: నీలం మూతది, అందులో గీత దాకా నిండాలి. సగం నింపితే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నమ్మశక్యం కాని అంకె వచ్చినప్పుడు మోతాదు ముట్టుకునే ముందు గొట్టం ఎవరు, ఎలా నింపారో అడగడం మా గదిలో ఆచారమైంది.

తిండి సంగతి మరో కథ. ఆకుకూరలు పూర్తిగా మానెయ్యమని చెప్పి పంపే అలవాటు చాలాచోట్ల ఉంది. తోటకూర, పాలకూర, మునగాకులలో కె విటమిన్ ఉన్నమాట నిజమే. కానీ చెలకగట్టున ఉచితంగా దొరికే కూర మానేస్తే ఆ పేదింటి కంచంలో మిగిలేదేమిటి? మేము మానెయ్యమని చెప్పం. వారానికి ఎన్నిసార్లు తింటారో అన్నిసార్లే, ఎప్పుడూ ఒకే తీరుగా తినమంటాం. దానికి తగినట్టు గోలీ సర్దుతాం. పుంటికూర పచ్చడి మళ్ళీ తినవచ్చునని విని కళ్ళు తుడుచుకున్న పెద్దమ్మను చూశాను. అసలు భయం కూరలది కాదు, మధ్యలో వచ్చి చేరే మందులది. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ అంకెను పైకి తోసేస్తుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ కిందికి లాగుతుంది. మోకాళ్ళ నొప్పికి పొడిపించుకునే సూది కడుపులో నెత్తురు కార్పిస్తుంది. అందుకే మా కార్డు మీద పెద్ద అక్షరాలతో ఒకే హెచ్చరిక: ఏ కొత్త మందు మింగే ముందయినా ఫోను చెయ్యండి.

కార్డు ప్రస్తావన వచ్చింది గనుక చెబుతాను. 'సోమ, బుధ, శుక్రవారాల్లో రెండు మిల్లీగ్రాములు, తక్కిన రోజుల్లో ఒకటి' అని రాసిస్తే, చదువు రాని మనిషికి అది శాసనలిపి. మా దగ్గర శిక్షణ పొందే అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. వాళ్ళ ఊరి అంగడి రోజును కార్డు మధ్యలో పెట్టి, దానికి ముందు ఎన్ని, వెనక ఎన్ని అని గోలీ బొమ్మలు అతికించాం. వేళ మాత్రం అందరికీ ఒకటే, ఇంట్లో దీపం పెట్టే వేళ. పొద్దున పరీక్ష చేస్తే ఆ సాయంత్రపు మోతాదునే మార్చవచ్చు గదా. ఏటూరునాగారం వైపు నుంచి నూరు కిలోమీటర్లు బస్సులో వచ్చే మనిషిని కేవలం ఒక అంకె కోసం ప్రతి వారం రమ్మనడం అన్యాయం. దగ్గరి పట్టణంలో పరీక్ష చేయించుకుని, అంకె ఫోనులో చెబితే చాలునన్నాం. మేడారం జాతర వచ్చే ఏడు మాత్రం బయలుదేరే ముందే పిలిపిస్తాం. బంగారం మూటతో పాటు గోలీల డబ్బా కూడా ఒడిలో ఉండాలని, ఆ నాలుగు రోజులూ ఒక్క పూట కూడా తప్పరాదని మరీ మరీ చెబుతాం.

చేతిలో ఫోను ఉన్న కొడుకులు ఇప్పుడు కొత్త భయం మోసుకొస్తున్నారు: "ఇది ఎలుకల మందట గద సారూ!" అవును. చెడిపోయిన క్లోవర్ గడ్డి మేసిన పశువులు నెత్తురు కారి చనిపోతుంటే, విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ బృందం కారణం వెతికి 1940 ప్రాంతంలో డైకుమరాల్‌ను వేరుచేసింది. ఆ దారిలోనే వచ్చిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చింది. 1954లో మనుషులకు అనుమతి లభించింది. ఈ కథను దాచకుండా చెబుతాను. మోతాదే మందుకూ విషానికీ నడుమ గోడ అని, ఆ గోడకు కాపలాగానే ఈ గది ఉందని చెబితే ఇట్టే అర్థం చేసుకుంటారు. దాచితేనే అనుమానం పెరుగుతుంది.

అన్నట్టు, ఆడపిల్లల ప్రశ్న ఒకటుంది. కవాటం మార్చిన కొత్త పెళ్ళికూతురు నన్ను అడగదు. శిక్షణలో ఉన్న అమ్మాయి చెవిలో అడుగుతుంది, పిల్లలు పుడతారా అని. గర్భం నిలిచిన తొలి నెలల్లో వార్ఫరిన్ శిశువుకు హాని చెయ్యవచ్చు. మానేస్తే తల్లి కవాటానికే ముప్పు. దీనికి జవాబు నా నియమావళిలో లేదు. గుండెవైద్యులూ ప్రసూతి వైద్యులూ కలిసి, గర్భానికి ముందే తేల్చవలసిన విషయం. ఆ ప్రశ్న గుసగుసగా మిగిలిపోకుండా అదే రోజు వారిద్దరి ముందుకూ చేర్చడమే మా వంతు.

పరీక్షలు అక్కర్లేని కొత్త మందులు వచ్చాయి కదా, ఇంకా ఈ తంటా ఎందుకని మిత్రులు అడుగుతుంటారు. చాలామందికి అవి మేలే. కానీ కృత్రిమ కవాటాలున్నవారిలో డాబిగట్రాన్‌ను పరీక్షించిన ప్రయోగాన్ని 2012లో మధ్యలోనే ఆపవలసి వచ్చింది. గడ్డలూ రక్తస్రావాలూ రెండూ పెరిగాయి. రుమాటిక్ గుండెజబ్బుతో లయ తప్పినవారిలో రివరాక్సబాన్ కంటే పాతమందుల వర్గమే మెరుగని 24 దేశాల్లో జరిగిన ఇన్విక్టస్ అధ్యయనం 2022లో తేల్చింది. ఆ జబ్బు పేదరికాన్నీ ఇరుకిళ్ళనూ అంటిపెట్టుకుని ఉంటుంది. అంచేత పాతమందూ, దానికి కావలసిన కాపలా మా ప్రాంతానికి ఇంకా అవసరమే.

ఆ నేతకార్మికుడే చివరకు మా మాటల చిక్కు విప్పాడు. పక్కన కూర్చున్న కొత్త రోగికి చెబుతుండగా విన్నాను: "నెత్తురు పల్చగ జెయ్యదే. గడ్డ గట్టకుంట కావలుంటది." ఆ రోజు నుంచి మా కార్డు మీద 'కావలి గోలీలు' అనే ఉంది.

ఇంత రాశాక అసలు దిగులు చెప్పకుండా ఎలా? సలహాకు రుసుము లేదు. ఈ గది ఆదాయమెంత అని యాజమాన్యం అడుగుతోంది. వచ్చే మార్చి లెక్కల తర్వాత నన్ను తిరిగి కౌంటరుకు పంపే ఆలోచన ఉంది. రాకుండా పోయిన పక్షవాతానికి బిల్లు ఎలా వెయ్యాలో నాకు తెలియదు. అందుకే ప్రతి రోగి అంకెలు ఎంతకాలం హద్దులో నిలిచాయో లెక్కగట్టి ఒక పుస్తకంలో రాస్తున్నాను. మార్చిలో వారి ముందు పెట్టేది ఆ పుస్తకమే. ఈలోగా మీ ఊళ్ళో ఎవరైనా ఇటువంటి గది తెరవాలనుకుంటే అడగండి. నియమావళీ, అంగడి రోజు కార్డూ నమూనాలు పంపిస్తాను. ఇక్కడ ఆగినా, ఇంకోచోట సాగుతుంది.