అనుబంధలోపం

టేపు గురించి టపా ఏమిటని నవ్వుకోకండి. ముప్పైమూడేళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. సంధి సమాసాలు తప్ప అతుకుల విద్య మరొకటి ఎరుగను. అటువంటి నాకు ఈ వయసులో రెండు వైపులా అంటుకొనే ఒక టేపు ముక్క వ్యాకరణ పాఠం చెప్పింది. అది మీతో పంచుకోవాలనిపించింది.

మా ఆవిడ పోయిన తరువాత ఒంటరిగా ఉండవద్దని అబ్బాయి నన్ను అమెరికా తీసుకువెళ్లాడు. వాడు వారమంతా కంప్యూటరు ముందు, శని ఆదివారాలు గ్యారేజిలో. ఆ గ్యారేజిలో కారు ఉండదు. ఉలులు, చిత్రికలు, రంపపు పొట్టు, గోడకు వేలాడే సగం సగం గిటార్లు ఉంటాయి. వాటిని చూసినప్పుడు నాకు పాత సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చింది. వాడు ఇంటర్మీడియట్ చదివే రోజులలో ఎవరి వద్దనో పాత గిటారు కొనుక్కొన్నాడు. ఎంసెట్ అయ్యేదాకా దానిని ముట్టుకోవద్దని నేను అటక ఎక్కించాను. పరీక్ష అయింది, ర్యాంకు వచ్చింది, కాలేజీలో చేరాడు. గిటారు మాత్రం అటక దిగలేదు. వాడు అడగలేదు, నేను ఇవ్వలేదు.

ఊరికే కూర్చోలేక నేనూ గ్యారేజిలోకి వెళ్లి చిన్న చిన్న పనులు అందుకొన్నాను. గిటారులో ముఖ్యాంగం దాని పైపలక. తంత్రుల కదలికను నాదంగా మార్చేది అదే. స్ప్రూస్ అనే చలిదేశపు చెట్టు చెక్కను పలచని పొరలుగా కోసి, పుస్తకం విప్పినట్లు రెండింటిని పక్కపక్కన అతికి దీనిని చేస్తారు. చివరకు మిగిలే మందం సుమారు 3 మిల్లీమీటర్లే. అంత పలచగా చిత్రిక పట్టేటప్పుడు పలక వెంట్రుకవాసి కదలకూడదు. అంచులను క్లాంపులతో బిగిద్దామంటే పనిముట్టు దారికి అవే అడ్డం. అందుకని చదునైన దళసరి బల్లకు టేపుతో అంటిస్తారు. పని కాగానే ఊడదీస్తారు.

ఒక శుక్రవారం సాయంత్రం ఆ అంటించే పని నాకు అప్పగించాడు. ఇంట్లో తివాచీలు నేలకు అంటించే గుడ్డ టేపు కనిపించింది. పట్టు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని నా తర్కం. బల్ల అంతటా సందు లేకుండా పరచి, పలకను పెట్టి, రాత్రంతా బరువు ఉంచాను. మరునాడు వాడు చిత్రిక పట్టాడు. పలక ఇసుమంత కూడా జరగలేదు. నాకు గర్వంగా ఉంది. తీసేటప్పుడు తెలిసింది అసలు సంగతి. ఎంత లాగినా రాదు. ఒక మూల పట్టి పైకెత్తేసరికి పలక వంగి, నార వెంట నిలువునా చీలింది. టేపుకు చెక్క పీచులు పొరలుగా అంటుకొని వచ్చాయి.

వాడు రెండు క్షణాలు చూసి, "ఫర్వాలేదు నాన్నగారూ, ఇంకొక జత ఉంది" అన్నాడు. ఆ మర్యాద నన్ను మరింత బాధించింది.

తప్పు చేసిన విద్యార్థికి ఇంపోజిషన్ ఇవ్వడం నా అలవాటు. నాకు నేనే ఒకటి ఇచ్చుకొన్నాను. పనికిరాని స్ప్రూస్ ముక్కలు తీసుకొని నాలుగు విధాల టేపులు అంటించి, గంటకు, మరునాటికి ఎలా ఊడుతున్నాయో నోటుపుస్తకంలో పట్టిక వేశాను. స్పాంజి టేపు మెత్తన. అది గోడకు పటం పట్టుకొంటుంది గాని, పక్కనుంచి తోస్తే సాగుతుంది. పలక జరిగితే కొలత పోయినట్లే. గుడ్డ టేపుకు పట్టు ఉన్నది కాని దళసరి. పైగా దాని బంక చెక్క రంధ్రాలలో మిగిలిపోయి, తరువాత పూసే జిగురును, మెరుగును అంటనివ్వదు. పలచని కాగితపు టేపు మేలు. సమంగా కూర్చుంటుంది, పక్కకు జరగదు. కాని దానినీ రాత్రంతా ఉంచితే మొండికేస్తుంది. ఈ బంకలన్నీ ఒత్తిడికి లొంగేవి. కాసేపు గట్టిగా నొక్కితే చాలు, ఆ పైన గడిచే ప్రతి గంటా పట్టు పెంచుతుంది.

నాలుగవది మా వాడు నేర్పిన ఉపాయం. బల్లకు ఒక మాస్కింగ్ టేపు, పలక అడుగున మరొక మాస్కింగ్ టేపు అంటించి, ఆ రెండింటి వీపుల మధ్య సూపర్ గ్లూ చుక్కలు వేయాలి. గట్టి జిగురు కాగితానికీ కాగితానికీ మధ్యనే ఉంటుంది. చెక్కకు తగిలేది మాస్కింగ్ టేపు మెత్తని బంక ఒక్కటే. ఈ టేపును 1925లో అమెరికాలోని త్రీఎం సంస్థలో రిచర్డ్ డ్రూ అనే ఆయన కార్లకు రంగులు వేసేవారి కోసం కనిపెట్టాడట. అంతకు ముందు వారు వాడినవి తీసేటప్పుడు రంగును కూడా ఊడబెరికేవట. అంటే పుట్టుకతోనే అది విడిచిపెట్టడం కోసం పుట్టిన టేపు!

అప్పుడు నా పండితబుద్ధి మేలుకొన్నది. సంస్కృత వ్యాకరణంలో 'అనుబంధాలు' అని ఉన్నాయి. ప్రత్యయానికి అంటుకొని వచ్చి, ఒక కార్యం చేయించి, లోపించే అక్షరాలు అవి. 'పచ్' ధాతువుకు 'ఘఞ్' ప్రత్యయం చేరుతుంది. ఘకారం వల్ల చకారం కకారమవుతుంది. ఞకారం వల్ల పకారంలోని అకారానికి దీర్ఘం వస్తుంది. ఆ రెండూ లోపించగా నిలిచేది అకారం ఒక్కటే. సిద్ధించిన రూపం 'పాక'. మనం రోజూ తినే పాకంలో ఘకారమూ కనబడదు, ఞకారమూ కనబడదు. అవి లేకపోతే పాకమూ లేదు. తెలుగులో ఇదే మాటకు మమకారమని, వీడని బంధమని అర్థం పట్టుకొన్నాము. ఎన్నో ఏళ్లు విద్యార్థులకు మొదటి అర్థం చెప్పి, ఇంట్లో రెండవ అర్థంతో బతికాను.

మరుసటి శనివారం రెండవ జత పలకను నేనే అంటించాను. ధూళి తుడిచి, అంతటా కాకుండా అక్కడక్కడ పట్టీలు వేసి, కాసేపు మాత్రం నొక్కి. పని అయిన గంటలోనే తీశాము. పైకి ఎత్తలేదు. హెయిర్ డ్రయ్యరుతో కొద్దిగా వెచ్చచేసి, పలచని వెడల్పు బద్దను అడుగున మెల్లగా జరుపుతూ వచ్చాము. తరువాత కాగితాన్ని వెనక్కు మడిచి, నార వాలు చూసుకొని ఒలిచాము. పలక చెక్కుచెదరలేదు.

"ఆ రోజు గట్టిగా అంటించానురా, జారిపోతుందేమోనని" అన్నాను.

వాడు తలెత్తకుండా పలకను గరుకు కాగితంతో తుడుస్తూ, "తెలుసు నాన్నగారూ" అన్నాడు. ఇద్దరమూ చెక్క గురించే మాట్లాడుకొన్నామో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆరు నెలల గడువు తీరేముందు, వీసా పొడిగింపుకు పెట్టమంటారా అని అడిగాడు. ఊరికి వెళ్తానన్నాను. బతిమాలలేదు, బిగించలేదు. పెట్టె సర్దిపెట్టి, విమానాశ్రయంలో నేను లోపలికి వెళ్లేదాకా నిలబడ్డాడు. వాడికి ఆ విద్య నాకంటె ముందే వచ్చిందన్నమాట.

ఇల్లు చేరిన మరునాడు కూలివానిని పిలిచి అటక మీది గిటారు దింపించాను. తంత్రులు తుప్పుపట్టాయి, మెడ కొంచెం వంగింది. వాడు వచ్చినప్పుడు బాగుచేస్తానన్నాడు. అప్పటిదాకా గుడ్డ కప్పి హాలులోనే ఉంచాను, అటక మీద కాదు.

మీలో చెక్కపని తెలిసినవారు ఎవరైనా ఉంటే, వంగిన మెడకు ఈలోగా నేను చేయదగినది ఏమైనా ఉన్నదేమో చెప్పగలరు. అంటించవలసినది ఏదైనా ఉంటే మాత్రం, ఎలా తీయాలో కూడా చెప్పండి.