వంటింట్లో పీహెచ్ మీటర్

పోపులపెట్టె పక్కనే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు. గ్రాములో నూరోవంతును కూడా తూచి చూపిస్తుంది. దాని పక్కన పెన్నులాంటి పీహెచ్ మీటరు. కాకినాడలోని ఆ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు 'ఇదేమిటండీ, బంగారం తూస్తారా?' అని అడుగుతుంటారు. ఆవిడ నవ్వి ఊరుకుంటారు. ఇరవయ్యారేళ్లు ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వీధిలో ఇప్పటికీ అందరికీ కెమిస్ట్రీ మేడమే.

ఆ మేడమే 2009లో కూతురి ముఖానికి నిమ్మచెక్క రుద్దారు.

ఆ ఆదివారం పెళ్లిచూపులు. అమ్మాయి చామనఛాయ. చూడచక్కని పిల్లే. అయినా 'కాస్త రంగు తేలితే బావుణ్ణు' అని చుట్టాలావిడ ఎవరో అన్నమాట తల్లి మనసులో ముల్లులా ఉండిపోయింది. గురువారం పొద్దున్నే నిమ్మచెక్క మీద పంచదార చల్లి రెండు బుగ్గలకూ రుద్దారు. మంటగా ఉందమ్మా అన్నా, 'మంటగా ఉంటేనే పనిచేస్తున్నట్టు' అన్నారు. సరిగ్గా కడుక్కోకుండానే ఆ పిల్ల డాబా మీద బట్టలు ఆరేసి వచ్చింది. మర్నాటికి ఎర్రగా కందింది. శనివారానికి పొక్కులు. ఆదివారం పౌడరు ఎంత అద్దినా కుడి బుగ్గ దాగలేదు.

నిమ్మజాతి రసాల్లో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టే అవుతుంది. ఆపైన మిగిలే గోధుమరంగు మచ్చ నెలల తరబడి పోదు. ఇదంతా చర్మవ్యాధుల డాక్టరు చెప్పాక తెలిసింది. కానీ నిమ్మరసం పీహెచ్ రెండు, రెండున్నర మధ్య ఉంటుందని, చర్మం పైపొరది అయిదు చుట్టూ ఉంటుందని ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ స్కేలు మీద ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పదిరెట్లు పెరిగినట్టని ఏటా బోర్డు మీద రాసిన చెయ్యే అది.

సంబంధం కుదరలేదు. మచ్చ వల్లేనని ఎవరూ అనలేదు. అమ్మాయి సంబంధం గురించి బాధపడలేదు కూడా. ఒకే ఒక్కమాట అంది... 'నేను నల్లగా ఉన్నానని వాళ్లకంటే ముందు నువ్వే అనుకున్నావు కదమ్మా!'

మచ్చ ఏడాదిలోపే పోయింది. ఆ తరవాత అమ్మాయి తనకు నచ్చినవాణ్ని చేసుకుని హైదరాబాద్‌లో స్థిరపడింది. కానీ ముఖానికి మాత్రం తల్లి చేతి పసుపు కూడా రాయించుకోదు. పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు కూడా మేనత్త చేతే పెట్టించుకుంది.

రిటైరయ్యాక ఆవిడ ఈ లోషన్ల పనిలో పడటానికి కారణం ముఖం కాదు, చేతులు. మూడేళ్ల కిందట సంక్రాంతికి వచ్చిన కూతురు జబ్బల మీద కోడిచర్మంలా గరుకుగా ఉందని పొట్టిచేతుల జాకెట్టు వేసుకోవడం మానేసింది. చాలామందికి ఉండేదే. రోమకూపాల దగ్గర మృతకణాలు పేరుకుని చిన్నచిన్న బుడిపెల్లా తేలతాయి. పీచుతో తోమితే ఇంకా రేగుతుంది. ఇలాంటి గరుకుకు లాక్టిక్ ఆమ్లం బాగా నప్పుతుంది. మృతకణాలను అంటిపెట్టుకున్న బంధాలను మెల్లగా సడలిస్తుంది, చర్మంలో తేమనూ పట్టి ఉంచుతుంది. పరాయిదేం కాదు, మన పెరుగులో పులుపు అదే. 1780లో స్వీడన్‌లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని పులిసిన పాలలోంచే వేరుచేశాడు. అత్తగారు సెనగపిండిలో పులిసిన పెరుగు కలిపి రుద్దుకున్నప్పుడూ పనిచేసింది అదే. కాకపోతే పెరుగులో అది ఒక శాతం అటూఇటూ ఉంటుందంతే.

ఆవిడ 5 శాతం లోషన్ చేద్దామనుకున్నారు. తెప్పించిన సీసాలో ఉన్నది 80 శాతం ద్రావణం. కాబట్టి నూరు గ్రాముల లోషన్‌కు తూచాల్సింది 5 గ్రాములు కాదు, ఆరుంపావు. డిస్టిల్డ్ వాటర్, కాస్త గ్లిజరిన్, చిక్కదనానికి కేకుల్లో వాడే శాంథన్ గమ్, బూజు పట్టకుండా సోడియం బెంజోయేటు, పొటాషియం సోర్బేటు. నీళ్లున్న దేనికైనా ఆ చివరి రెండింటిలాంటివి ఉండాల్సిందే. 'మాది సహజం, ఏమీ కలపం' అని మురిసిపోతే నాలుగురోజుల్లో సీసాలో సూక్ష్మజీవుల సంతే!

అంతా కలిపి మీటరు ముంచారు. 2.1!

ఆవిడ స్టూలు మీద కూలబడిపోయారు. అయిదు శాతమే, పెరుగులో పులుపే... అయినా పుల్లదనంలో అచ్చం ఆనాటి నిమ్మచెక్క. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ ముంచారు. అదే అంకె. మీటరే లేకపోతే ఆ సీసా అలాగే హైదరాబాద్ వెళ్లిపోయేది.

అప్పుడు వంటసోడా అందుకున్నారు. చిటికెడు వేయడం, బుస్సున పొంగు తగ్గేదాకా ఆగడం, మీటరు ముంచడం. రెండున్నర గ్రాములు దాటాక ముల్లు... అదే, అంకె 4 దగ్గర నిలిచింది. అక్కడ సగానికి పైగా ఆమ్లం లాక్టేటుగా మారిపోతుంది. అది తేమను పట్టుకుంటుంది. మిగిలిన ఆమ్లం గరుకు సంగతి చూస్తుంది. ఇంట్లో వాడుకునే ఇలాంటి ఆమ్లాలు 10 శాతం దాటకూడదని, పీహెచ్ 3.5కు తగ్గకూడదని అమెరికా నిపుణుల బృందం ఒకటి 1990ల చివర్లోనే తేల్చింది. ఆవిడ అంతదూరం కూడా పోలేదు. త్రాసూ మీటరూ లేనివాళ్లకు పెరుగూ సెనగపిండీ చాలు, ఈ సీసాల జోలికి పోనక్కర్లేదు.

ముందు తన మోచేతి మడతలో రాసుకుని ఒకరోజు చూశారు. తరవాత రెండు వారాలు తన మడమలకు. ఆ తరవాతే కొరియర్‌లో పంపారు. సీసాకు అంటించిన చీటీ మీద తేదీ, శాతం, పీహెచ్. కింద... 'రాత్రిపూట, రోజు విడిచి రోజు. మంట పుడితే కడిగేయాలి. వాడుతున్నన్నాళ్లూ, మానేశాక వారందాకా చేతులకు ఎండ తగలనివ్వకు. ముఖానికి కాదు.' ఆఖరి మాట కింద రెండు గీతలు.

సీసా అందిన రాత్రి ఫోన్ వచ్చింది.

'తెల్లబడటానికా అమ్మా?'

'కాదమ్మా. గరుకు పోవడానికి. రంగు నీదే, అది అలాగే ఉంటుంది.'

అవతల కాసేపు మాట లేదు. తరవాత 'సరే' అంది అమ్మాయి.

మళ్లీ నెలన్నర దాకా దాని ఊసే రాలేదు. వాడుతోందా, పారేసిందా అని అడగడానికి ఆవిడకు నోరు రాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మాయే చెప్పింది. 'పనిచేస్తోందమ్మా. ఒక చేతికే రాశాను. రెండోదానికి రాయలేదు, తేడా తెలియాలి కదా. నువ్వే చెప్పేదానివిగా క్లాసులో.'

'ఏ చేతికి?' అనబోయి ఆవిడ ఆగిపోయారు. 'చెప్పకు, చెప్పకు. వచ్చినప్పుడు నేనే పట్టుకుని చూసి చెబుతాను' అన్నారు.