గంజి పొర

మా అమ్మ నేతచీరలకు గంజి పెట్టేటప్పుడు గిన్నె అంచున ఎండిన పొర గాజుకాగితంలా ఊడివచ్చేది. వంచితే విరిగేది.

ఇటీవల ఆ పొరనే ప్లాస్టిక్‌గా మలచాలన్న కోరిక కలిగింది. కర్రపెండలం పిండిని నీటిలో కలిపి, కాస్త గ్లిజరిన్ చేర్చి, చిక్కబడేదాకా కాచి, పళ్ళెంలో పోసి ఆరబెట్టాను. గ్లిజరిన్ పిండి అణువుల నడుమ చేరి వాటిని కదలనిస్తుంది. అందువల్ల పొర విరగక వంగింది. లాగితే మాత్రం చిరిగిపోయింది.

మా తాతగారు గోడమట్టిలో వరిగడ్డి తొక్కించడం జ్ఞప్తికి వచ్చింది. మరుసటి వాయిలో సన్నగా తరిగిన కొబ్బరిపీచు కలిపాను. ఈసారి చిరుగు పీచు దగ్గర ఆగింది. పీచులోని సెల్యులోజు, పిండి రెండూ గ్లూకోజు గొలుసులే. దాయాదులైనా కలహించక ఒకదానినొకటి పట్టుకున్నాయి.

గర్వంగా అమ్మకు చూపాను. మారుమాటాడక దానిని నీళ్ళచెంబులో వేసింది. పూట గడిచేసరికి మెత్తబడి ముద్దయింది.

"దీనితో సంచీ చేస్తే వానలో ఏమవుతుందిరా?" అంది.

చిన్నబోయి ఆ ముద్దను కరివేపాకు మొక్క మొదట్లో పాతిపెట్టాను. రెండు నెలలకు తవ్వి చూస్తే పీచు తప్ప ఏమీ మిగలలేదు. నీటికి లొంగిన గుణమే దానిని మట్టిలోనూ కలిపింది. అమ్మ పట్టిన లోపమే మొక్కకు వరమైంది.

వాన ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు వెదుకుతున్నాను.