కాకర చేదు, మెంతి చేదు, బీరు చేదు

ఈ పేజీలో ఇంతవరకు రాగి సంగటి గురించి, అవ్వ పాడే పెళ్లి పాటల గురించి, మన తాతలు మదనపల్లె వైపు నుంచి బెంగళూరు చేరిన కథ గురించి రాసుకున్నాం. ఇప్పుడు బీరు గురించి రాస్తున్నానంటే పెద్దవాళ్లు కొందరు నొచ్చుకుంటారని తెలుసు. మన ఇంట్లో ఆ మాట ఎత్తకపోవడానికి కారణమూ అందరికీ తెలిసిందే. చిన్నాయన 1998లో, 41 ఏళ్లకే పోయినాడు. పాకెట్ సారాయి. కర్ణాటకలో సారాయిని 2007 జులై 1 నుంచి నిషేధించినారు. మనింటికి ఆ నిషేధం తొమ్మిదేళ్లు ఆలస్యంగా వచ్చింది.

అయినా రాస్తున్నానంటే అది మా తమ్ముడి కొడుకు నోట్‌బుక్ వల్ల. వాడు ఈ ఊళ్లో కొత్తగా వచ్చిన బీరు తయారీ పబ్బులకు పోయి, ఒక్కో రకాన్ని రుచి చూసి మార్కులు వేస్తాడు. బెంగళూరుకి బీరు కొత్తది కాదు. దండు ప్రదేశంలో తెల్లవాళ్ల కాలం నుంచీ ఉంది, యునైటెడ్ బ్రూవరీస్ పుట్టిందే 1915లో. అక్కడికక్కడే కాచి, అక్కడే పోసే పబ్బులు మాత్రం ఈ పది పదిహేనేళ్లవి. ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డులో టాయిట్ 2010 నుంచి ఉంది. వాడు మొదట నాకు చూపించిన పేజీలో అంతా "బ్రెడీ, గ్రాసీ, సిట్రసీ" అని ఉంది. "ఒరే, ఇవి ఎవరో రాసిన మాటలు. నీ నాలుకకి ఏం తగిలిందో చెప్పు" అన్నాను. వాడు కాసేపు చూసి, "తెలుగులో ఎట్ల చెప్పాలో రాదు అత్తా" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. బడిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు, స్నేహితులతో హిందీ. వాడికి మిగిలిన తెలుగంతా వంటింట్లోదే. అయితే రుచి మాటలు ఉండేది కూడా వంటింట్లోనే కదా. అందుకని వాడితోబాటు నేనూ పోయినాను.

బీరు పోటీల్లో జడ్జీలు వాడే పద్ధతి ఒకటుంది, మొత్తం 50 మార్కులు. వాసనకి 12, కంటికి కనిపించే తీరుకి 3, రుచికి 20, నోట్లో ఎట్ల తగులుతుందో దానికి 5, మొత్తమ్మీద ఎట్లుందో దానికి 10. రంగుకీ నురగకీ కలిపి మూడే మార్కులు చూడండి! పెళ్లిచూపుల్లో కూడా ఇంత న్యాయం ఉండదు. లేత రకాలతో మొదలుపెట్టి గట్టివాటికి పోవాలి. మధ్యలో నీళ్లు, ఉప్పులేని బిస్కెట్టు. మరీ చల్లగా ఉంటే వాసన బయటికి రాదు, కాసేపు గ్లాసుని చేత్తో పట్టుకుని ఆగాలి.

మాల్ట్ అనే మాట విని భయపడనక్కరలేదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చినాక ఎండబెట్టి వేయించి విసిరితే అది రాగి మాల్ట్. మనం పసిబిడ్డలకి పోసేది అదే. బార్లీని అట్ల మొలకట్టి ఆరబెడితే బీరు మాల్ట్. మొలక వచ్చేటప్పుడు గింజలోని పిండిని చక్కెర చేసే గుణం పుడుతుంది, ఆ చక్కెరని ఈస్టు తింటుంది. అంతే సంగతి. ఎంత వేయిస్తే అంత రంగు. నల్లటి స్టౌట్ తాగి వాడు "రోస్టీ" అని రాయబోతే, నేను "రాగిరొట్టె అంచు మాడినట్టు" అన్నాను. వాడు నవ్వి అట్లే రాసుకున్నాడు.

గోధుమ బీరులో అరటిపండు వాసన, లవంగం వాసన వస్తాయి. అందులో అరటిపండూ లవంగమూ ఏమీ వేయరు, ఆ వాసనలు పుట్టించేది ఈస్టే. అవ్వ అంబలి గుర్తుందా? రాత్రి రాగిపిండి కాచి పెడితే పొద్దున ముంతకి ముక్కు దగ్గర పెట్టి చెప్పేది: "ఇంకా పచ్చిగానే ఉంది", "పులుపు పట్టింది", "కమ్మగా పులిసింది", "చెడింది". నాలుగు మెట్లు. ఒడిశా వైపు ఉన్న మనవాళ్లకి పఖాళతో, కోస్తా వాళ్లకి తరవాణితో ఇది బాగా తెలుసు. పుల్లని బీరు పోసినప్పుడు మా నోట్‌బుక్‌లో "కమ్మగా పులిసింది" అని పడింది. అంతకన్నా సరైన మాట నాకు తోచలేదు.

చేదు దగ్గర మాత్రం చాలాసేపు వాదించుకున్నాం. బీరు చేదుని అంకెల్లో కొలుస్తారు. జర్మన్ గోధుమ బీరుకి 8 నుంచి 15 దాకా, అమెరికన్ ఐపీఏకి 40 నుంచి 70 దాకా. అంకె తెలిసినంత మాత్రాన ఆ చేదు ఎట్లుంటుందో తెలీదు. కాకరకాయ చేదు నోట్లో పెట్టగానే కొడుతుంది. మెంతుల చేదు మెల్లగా వచ్చి పోకుండా కూర్చుంటుంది. వేపపువ్వు చేదు పోతూ పోతూ వాసన వదిలిపోతుంది. ఒక ఐపీఏకి వాడు "మొదట దబ్బతొక్క, తరువాత మెంతి" అని రాసినాడు. వాడంతట వాడు రాసిన మొదటి తెలుగు మాట అదే. ఇక పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక బిగుసుకుంటే అది చేదు కాదు, వగరు. ఈ రెండింటికీ తేడా తెలిసినాక వాడి మార్కులే మారిపోయినాయి.

లోపాలకి కూడా మనకి మాటలున్నాయి. పేరు చెప్పను గానీ ఒకచోట లేత బీరులో వెన్న కాచిన వాసన వచ్చింది. అది ఈస్టు పని పూర్తి కాకముందే తీసేస్తే వచ్చే లోపం. ఉడికించిన మొక్కజొన్న కంకి వాసన, తడిసిన అట్టపెట్టె వాసన, ఇవీ లోపాలే. మేం దానికి 50కి 22 వేసినాం.

మా నియమాలు రెండు. ఇద్దరికీ కలిపి నాలుగు చిన్న గ్లాసులు, మిగిలినా సరే లేచేస్తాం. పోయేదీ వచ్చేదీ మెట్రోలోనే.

పిన్నమ్మకి ఈ సంగతి ఎట్ల చెప్పాలా అని నెలలు గడిపినాం. చివరికి వాడే ఒకరోజు పబ్బులో అడిగి తెచ్చిన గుప్పెడు మాల్టు, కొంచెం హాప్స్ ఆమె చేతిలో పెట్టినాడు. హాప్స్ అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే తీగ పువ్వు. పిన్నమ్మ మాల్టు గింజ నమిలి "మన రాగి మాల్ట్ మాదిరే ఉంది" అంది. హాప్స్ వాసన చూసి "దవనం" అంది. మాకిద్దరికీ అంతవరకు ఆ మాట తట్టలేదు! తరువాత నోట్‌బుక్ తీసుకుని మెల్లగా చదివింది. చాలాసేపు ఏమీ అనలేదు.

"మీ చిన్నాయన రుచి కోసరం తాగింటే మొదటి గుక్కకే ఉమ్మేసుండు" అంది. "ముక్కు మూసుకుని మింగేవాడు. మీరు రుచి చూస్తామంటున్నారు, చూడండి. రుచి రాయలేనన్ని తాగిన రోజు నాకు చెప్పండి."

ఆ మాట వాడు నోట్‌బుక్ అట్ట లోపలి వైపు రాసుకున్నాడు, తెలుగు అక్షరాల్లోనే. కన్నడ లిపి వచ్చినవాడికి మన అక్షరాలు పట్టుబడడం ఎంతసేపు! ఇప్పటికి 31 పేజీలు నిండినాయి. "బ్రెడీ" అన్న మాట నాలుగో పేజీ తరువాత కనపడలేదు.

పిన్నమ్మ బీరు ముట్టుకోదు, ముట్టుకోమని మేం అడగం కూడా. మాట దొరకనప్పుడు మాత్రం ఫోను చేస్తాం. తాగనివాళ్లకీ ఇందులో పని ఉంది. హోసూరులో, బరంపురంలో, షోలాపురంలో, యానాంలో ఉన్నవాళ్లు మీ ఇళ్లల్లో పులుపుకీ వగరుకీ మాడుకీ ఏ మాటలు అంటారో రాసి పంపండి. పెద్దవాళ్లని అడిగి రాయండి. 32వ పేజీ ఖాళీగా ఉంది.