నొప్పికి వయసు చెప్పరాదు

మన తెలుగువారు 'నొప్పి' అనే ఒక్క మాటతో సరిపెట్టుకోలేదు. సలుపు, పోటు, తీపు, తిమ్మిరి, మంట అని బాధకొక పేరు పెట్టుకున్నారు. ఆ పేర్లలో ఎంత అనుభవజ్ఞానం ఉన్నదో కోనసీమలోని మా ఇంటిలోనే నేను గ్రహించాను.

మా మేనమామ అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలిచే కార్మికుడు. పాతిన గునపానికి కాయను గుచ్చి, వంగి డొక్క తీయడం ఆయన నిత్యకృత్యం. నలభై ఏళ్ళు దాటాక, నడుములో పుట్టిన పోటు తొడ వెనుక నుండి పాదం దాకా జివ్వున పాకింది. వెన్నుపూసల నడుమ మెత్తలవలె ఉండే డిస్కులు బాల్యంలో నీటితో నిండి ఉంటాయి, వయసుతో ఆరిపోతాయి. డిస్కు పక్కకు జరిగి నరాన్ని నొక్కితే బాధ కాలిలో కనిపిస్తుంది. దీనినే సయాటికా అంటారు. ఇది చాలామందికి శస్త్రచికిత్స లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. మామయ్యకూ తగ్గింది.

అమలాపురంలో డిగ్రీ చదివే మా పిన్ని కొడుకు కథ వేరు. ఉదయం లేవగానే వాడి నడుము బిగుసుకుపోయేది, నడిస్తే సడలేది. "ఈ వయసులో నీకు నడుము నొప్పేమిటిరా?" అని పెద్దలు నవ్వారు. వైద్యుడు నవ్వలేదు. అది వెన్నెముక కీళ్ళలోని వాపు అనీ, తరచు యౌవనంలోనే మొదలవుతుందనీ చెప్పి చికిత్స ఆరంభించాడు. విశ్రాంతితో తగ్గే నొప్పి వేరు, కదలికతో తగ్గే నొప్పి వేరు.

ఇక మా నాయనమ్మ. బురదలో వంగి వరినాట్లు వేసిన మనిషి. మోకాళ్ళలో మృదులాస్థి అరిగి సలుపు మొదలైతే, "వయసు మీద పడింది" అని అందరూ అన్నారు. ఆమె కూడా నమ్మి, ఏళ్ళ తరబడి అరుగు దిగలేదు. చివరకు ఒక వైద్యురాలు తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం నేర్పింది. అరిగినది తిరిగి రాలేదు. కానీ మూడు నెలలకు ఆమె కర్ర ఊతతో గుడిదాకా నడిచింది.

2020లో ప్రపంచమంతటా దాదాపు 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. వారిలో అన్ని వయసులవారూ ఉన్నారు. కాలు పట్టు తప్పినా, మూత్రంపై అదుపు పోయినా ఏ వయసువారైనా వెంటనే ఆసుపత్రికి చేరాలి.

చిన్నవాడి బాధను నవ్వుతో, ముసలివారి బాధను నిట్టూర్పుతో తోసిపుచ్చడం మనకు అలవాటు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని అడిగి వినడమే చికిత్సకు తొలిమెట్టు.