చిల్లున్న రొట్టె

గారెకు చిల్లెందుకో తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. బేగెల్‌కూ ఆ న్యాయమే వర్తిస్తుంది. కానీ ఆ యూదుల రొట్టెకు ప్రాణం చిల్లులో లేదు, కాల్చేముందు మరిగే నీటిలో వేసి తీయడంలో ఉంది. ఆ ఒక్క మునకతో పైపొర బిగిసి నిగనిగలాడుతుంది, లోపలిది పంటికింద సాగుతుంది. మునక ఎగవేసి, ఆవిరి పట్టి కాల్చిన దూదిచక్రాలను సంచులకెత్తి అమ్ముతుంటారు. వాటి ఊసు మనకొద్దు.

న్యూయార్కు బేగెల్ బొద్దుగా, కాస్త ఉప్పగా ఉంటుంది. మాంట్రియల్‌ది సన్నగా ఉంటుంది. సాంప్రదాయికంగా పిండిలో ఉప్పు వేయరు, నీటిలో తేనె కలుపుతారు, కట్టెల పొయ్యిలో కాలుస్తారు. నా ఓటు దీనికే, అందునా నువ్వులద్దినదానికి. మైల్ ఎండ్ పేటలో ఫెయిర్‌మౌంట్, సెయింట్ వియేటర్ దుకాణాలు కూతవేటు దూరంలో ఉన్నాయి. ఏది మేలన్నది ఆ ఊరివారికి తెగని తగవు. నేను సెయింట్ వియేటర్ పక్షం.

రుచి ఒక్కటే కారణం కాదు. 1957లో దాన్ని పెట్టిన మయర్ లెవ్కొవిచ్ బూకెన్‌వాల్డ్ నాజీ శిబిరం నుండి బ్రతికి బయటపడినవాడు. ఆయన దగ్గర పనికి కుదిరిన ఇటలీ కుర్రవాడు జో మొరీనా తరువాత యజమాని అయ్యాడు. న్యూయార్కులో నేను మెచ్చిన అబ్సొల్యూట్ బేగెల్స్‌ను నడిపినది థాయిలాండు నుండి వచ్చినవాడు. 2024 డిసెంబరులో అది మూతపడింది, నాకింకా బెంగ తీరలేదు.

మా కాబోయే అల్లుడు, తెలుగు ముక్క రానివాడు, గారెలు నేర్పమని అడిగితే ఇంట్లో అందరూ నవ్వారు. నాకు మొరీనా గుర్తొచ్చి, పప్పు నానబోశాను.

అన్నట్టు, అక్కడికి వెళితే పొయ్యి దించిన బేగెల్‌నే అడిగి, నడుస్తూ తినండి. టోస్టు చేయమని మాత్రం అడగకండి.