చప్పుడు లేని ఎస్‌ఎంపీఎస్‌కు ఎంత పెట్టాలి

కొత్త డెస్క్‌టాప్‌కు లెక్క వేసేటప్పుడు మన డబ్బు ముందుగా ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ పోతుంది. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ వంతు వచ్చేసరికి మిగిలిందేదో దానికి సర్దుతాం, లేదా కేబినెట్‌తో పాటు వచ్చినదే చాలనుకుంటాం. ఈ వరసను నేను ఒప్పుకోను. చప్పుడు లేని ఎస్‌ఎంపీఎస్ విలాసమేమీ కాదు, సరిగ్గా లెక్క వేస్తే చవకదాని కంటే ఎక్కువ ఖర్చూ కాదు. కాకపోతే ఆ లెక్కను కరెంటు బిల్లు మీద వేయకూడదు, వారంటీ మీద వేయాలి.

గోడ సాకెట్‌లోని 230 వోల్టుల కరెంటును 12 వోల్టులకు మార్చే క్రమంలో కొంత శక్తి వేడిగా పోతుంది. ఆ వేడిని బయటికి తోలడానికే ఫ్యాన్ తిరుగుతుంది, అదే మనకు వినిపించే హోరు. కంప్యూటర్ 200 వాట్లు అడిగినప్పుడు 80 శాతం సామర్థ్యం ఉన్న ఎస్‌ఎంపీఎస్ 250 వాట్లు లాగి 50 వాట్లను వేడిగా మారుస్తుంది. 90 శాతం ఉన్నదైతే లాగేది 222 వాట్లే, వేడి 22 వాట్లే. వేడి సగానికి పైగా తగ్గింది కాబట్టి ఫ్యాన్ మెల్లగా తిరిగినా సరిపోతుంది, తక్కువ లోడులో పూర్తిగా ఆగిపోయే మోడళ్లూ ఉన్నాయి. పెట్టె మీద సామర్థ్యాన్ని తెలిపే 80 ప్లస్ గోల్డ్ ముద్ర చూడమనేది అందుకే.

గోల్డ్ కొంటే కరెంటు ఆదాతోనే ధర తిరిగి వస్తుందనే మాట మాత్రం మామూలు ఇళ్లలో నిలవదు. సగటున 80 వాట్లు వాడే కంప్యూటర్‌కు 80 శాతం, 90 శాతం ఎస్‌ఎంపీఎస్‌ల మధ్య తేడా 11 వాట్లు. రోజుకు 6 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిపితే మిగిలేది 20 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే 160 రూపాయలు. ధరలో తేడా 4,000 అయితే అది తిరిగి రావడానికి పాతికేళ్లు పడుతుంది! అదే వారంటీతో చూడండి. 5 ఏళ్ల వారంటీతో 4,000 రూపాయల సరుకు, 10 ఏళ్ల వారంటీతో 8,000 రూపాయల సరుకు ఉన్నాయనుకుందాం. రెండిటికీ ఏడాదికి పడేది 800 రూపాయలే. నిశ్శబ్దం అదనపు ధర లేకుండా వస్తోంది. పదేళ్లు ఒకే కంప్యూటర్ ఎవరు వాడతారని అడగవచ్చు. కంప్యూటర్ మారినా ఎస్‌ఎంపీఎస్‌ను కొత్తదానిలోకి మార్చుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్‌లు పాటించే ఏటీఎక్స్ కొలతలు 1995 నుంచీ ఉన్నవే. 2022లో ఏటీఎక్స్ 3.0తో గ్రాఫిక్స్ కార్డులకు 16 పిన్నుల కనెక్టర్ వచ్చింది కాబట్టి, పెద్ద కార్డు వేసే ఆలోచన ఉన్నవాళ్లు అది ఉన్నదే తీసుకోవాలి.

ఈ లెక్కకు అసలు అడ్డంకి వేరే ఉంది. 80 ప్లస్ కొలిచేది సామర్థ్యాన్నే, చప్పుడును కాదు. చౌక ఫ్యాన్ బిగించిన గోల్డ్ కూడా హోరెత్తగలదు. చప్పుడుకు సైబెనెటిక్స్ సంస్థ విడిగా శ్రేణులిస్తుంది, సగటు 15 డెసిబెల్స్ లోపు ఉంటే ఏ ప్లస్ ప్లస్. నేనైతే డబ్బు పెట్టేముందు ఈ రెండో ముద్రనే ఎక్కువ నమ్ముతాను. ఇంకోటి, 80 ప్లస్ పరీక్ష 23 డిగ్రీల గదిలో జరుగుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది అలా ఉండదు. అక్కడ అసలు ఫ్యానే లేని ఎస్‌ఎంపీఎస్‌కు ఎక్కువ ధర పెట్టడం నాకు సబబుగా తోచదు, ఎందుకంటే వేడి పెరిగేకొద్దీ లోపలి కెపాసిటర్ల ఆయువు తగ్గుతుంది. మెల్లగా తిరిగే 135 మిల్లీమీటర్ల ఫ్యానే అక్కడ నయం. వాట్లు కూడా అతిగా కొనకూడదు. గోల్డ్ కొలత 20 శాతం లోడు దగ్గర మొదలవుతుంది, 80 వాట్ల వాడకానికి 1,000 వాట్లది తెస్తే మామూలు పనంతా ఆ గీతకు కిందే సాగుతుంది. చివరికి హోరు గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లదే అయితే, ఎంత మంచి ఎస్‌ఎంపీఎస్ తెచ్చినా గదిలో తేడా తెలియదు. కేబినెట్ పక్క తలుపు తీసి, ఏ ఫ్యాన్ మోగుతోందో చెవితో తేల్చుకున్నాకే దుకాణానికి వెళ్లాలి.